మిక్స్‌డ్ జెర్మ్ సెల్ ట్యూమర్ అని బయాప్సీలో వస్తే: రిపోర్టులో ఏం చూడాలి, జబ్బు ఎటు పోతుంది

టెక్కలి వైపు నుంచి ఒక మేనమామ అడిగిన ప్రశ్న ఇది. మేనకోడలికి 17 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. నెలన్నరలోనే పొట్ట ఉబ్బిపోయింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి కుడి అండాశయం, దాని ట్యూబు తీశారు. గడ్డ 16 సెంటీమీటర్లు. బయాప్సీలో ‘మిక్స్‌డ్ జెర్మ్ సెల్ ట్యూమర్, యోక్ శాక్ ట్యూమర్ 70 శాతం, ఇమ్మెచ్యూర్ టెరటోమా గ్రేడ్ 3 30 శాతం’ అని వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ట్యూమర్ మార్కర్లు, అంటే గడ్డ రక్తంలోకి వదిలే పదార్థాల పరీక్షలు, చేయించలేదు. తొమ్మిదో రోజున చేసిన ఏఎఫ్‌పీ అనే మార్కరు 4,200. గర్భసంచి కూడా తీయించేయమని ఒకరు, కార్బోప్లాటిన్ అయితే పిల్ల తట్టుకుంటుందని ఒకరు, కొన్నాళ్లు పసరు మందు వాడి చూడమని ఇంకొకరు అంటున్నారట. పిల్ల బతుకుతుందా, రేపు పెళ్లి చేయొచ్చా, ఇప్పుడేం చేయాలి?

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఇది నయమయ్యే క్యాన్సర్. కొంతకాలం అణిగి ఉంటుందని కాదు, పూర్తిగా పోయే రకం. కాకపోతే చాలా వేగంగా పెరుగుతుంది. కాబట్టి మీ చేతిలో ఉన్నది నెలలు కాదు, రోజులే. ఆపరేషన్ అయిన 7 నుంచి 14 రోజుల్లో కీమోథెరపీ మొదలవ్వాలి. పసరు మందు గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు: నెలన్నరలో 16 సెంటీమీటర్లకు పెరిగిన జబ్బుకు ఇంకో నెల గడువివ్వకూడదు.

రెండో సంగతి. రిపోర్టులోని గ్రేడ్ 3ని చూసి మూడో స్టేజి అనుకుని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. రెండూ వేరు. గ్రేడ్ అంటే టెరటోమాలో ఎదగని నాడీ కణజాలం ఎంత ఉందన్న లెక్క. మైక్రోస్కోపులో 4 రెట్ల లెన్సు కింద, ఒకే స్లైడులో ఆ కణజాలం అంతా కలిపి ఒక ఫీల్డు (లెన్సులో ఒకేసారి కనిపించే మేర) దాటకపోతే గ్రేడ్ 1, మూడు ఫీల్డుల లోపైతే గ్రేడ్ 2, అంతకు మించితే గ్రేడ్ 3. జబ్బు ఒంట్లో ఎంతవరకు పాకిందో చెప్పేది స్టేజి. అది మీరు పంపిన రిపోర్టులో అసలు లేదు. దాని గురించి కింద చెబుతాను.

అండాశయంలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం పెద్ద వయసు ఆడవాళ్లలో పైపొర నుంచి పుట్టేవే. ఇది ఆ జాతి కాదు. పిండ దశలోని బీజకణాల నుంచి పుడుతుంది. 10 నుంచి 30 ఏళ్ల మధ్యలో ఎక్కువ. అందుకే ఇంటర్నెట్‌లో ‘ఓవేరియన్ క్యాన్సర్’ అని వెతికి, అక్కడ కనిపించే బతుకు శాతాలను ఈ పిల్లకు అన్వయించుకోకండి. బీజకణం నుంచి ఏదైనా తయారవ్వొచ్చు కాబట్టే ఇన్ని పేర్లు. బీజకణంలాగే ఉండిపోతే డిస్‌జెర్మినోమా. పిండం చుట్టూ ఉండే యోక్ శాక్‌లా తయారైతే యోక్ శాక్ ట్యూమర్. మాయ కణాల్లా అయితే కోరియోకార్సినోమా. చర్మం, మెదడు, ఎముక, పేగు అన్నీ కలగలిసి ఎదిగీ ఎదగకుండా ఉంటే ఇమ్మెచ్యూర్ టెరటోమా. అవన్నీ పూర్తిగా ఎదిగి ఉంటే అది మామూలు డెర్మాయిడ్, క్యాన్సర్ కాదు. వీటిలో రెండుమూడు ఒకే గడ్డలో ఉంటే మిక్స్‌డ్.

మిక్స్‌డ్ విషయంలో బయాప్సీ ఎంత జాగ్రత్తగా చేశారన్నది చాలా ముఖ్యం. రిపోర్టులో గ్రాస్ అనే భాగం చూడండి. ఎన్ని బ్లాకులు, అంటే మైనంలో పెట్టిన గడ్డ ముక్కలు, తీశారో అక్కడ రాస్తారు. గడ్డ అతి పెద్ద కొలత ఎన్ని సెంటీమీటర్లో కనీసం అన్ని బ్లాకులు తీయాలన్నది అందరూ పాటించే పద్ధతి. అంటే మీ మేనకోడలి గడ్డకు 16. గడ్డలో రక్తం కక్కినట్టున్న చోట, కుళ్లిన చోటికి ఆనుకుని ఉన్న భాగం నుంచి, గట్టిగా ఉన్న భాగం నుంచి, రంగు మారిన ప్రతిచోటు నుంచీ తీయాలి. నాలుగైదు బ్లాకులతో సరిపెడితే చిన్న మూలలో ఉన్న కోరియోకార్సినోమా ముక్కో, ఎంబ్రియోనల్ కార్సినోమా (తొలి దశ పిండ కణాల్లా ఉండే రకం) ముక్కో తప్పిపోతుంది. బ్లాకులు తక్కువని తేలితే కంగారు పడకండి. మిగిలిన గడ్డను ల్యాబులో కొన్ని వారాలు ఫార్మలిన్‌లో ఉంచుతారు. ఈ రోజే ఫోన్ చేసి పారేయవద్దని చెప్పండి. అందులోంచి మళ్లీ బ్లాకులు తీయొచ్చు.

ఆపరేషన్ ఇంకా కాని వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట. గడ్డ బయటికి రాగానే దాని పరిమాణానికి పది రెట్లు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ పోయాలి. పెద్ద గడ్డయితే సెంటీమీటరు మందం ముక్కలుగా చీల్చి మరీ వేయాలి. లేకపోతే పైన మాత్రమే ఫార్మలిన్ ఎక్కి లోపలంతా కుళ్లిపోతుంది. 16 సెంటీమీటర్ల గడ్డను కోయకుండా ఇరుకు మూతి డబ్బాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ చల్లి ఊరు దాటించడం చిన్న చోట్ల తరచు జరిగేదే. సెలైన్‌లో పంపితే మరీ ఘోరం. ఆ తర్వాత ఎంత పెద్ద పాథాలజిస్టు చూసినా చేయగలిగింది తక్కువ.

ఇక రిపోర్టు సరైనదేనా అన్న అనుమానం. యోక్ శాక్ భాగంలో సాధారణంగా జాలీలాంటి అల్లిక, గులాబీ రంగు గుండ్రటి చుక్కలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల షిల్లర్–డువాల్ బాడీలు ఉంటాయి: మధ్యలో ఒక రక్తనాళం, దాని చుట్టూ ట్యూమర్ కణాల వరస, దానికవతల సన్నటి ఖాళీ, మళ్లీ కణాల వరస. ఇది యోక్ శాక్ కణజాలమని డెన్మార్క్ పాథాలజిస్టు గున్నార్ టైలమ్ 1959లో తేల్చాడు. అంతకుముందు షిల్లర్ దాన్ని కిడ్నీ సంబంధిత గడ్డ అనుకున్నాడు. షిల్లర్–డువాల్ బాడీలు కనిపించలేదని రాసినంత మాత్రాన రోగనిర్ధారణ తప్పు కాదు. చాలా గడ్డల్లో అవి ఉండవు.

రూఢి చేసేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే కణాల్లోని ప్రోటీన్లను రంగుతో పట్టిచూపే స్టెయిన్లు. సాల్-4 అయితే బీజకణాల గడ్డలు చాలావాటిలో పాజిటివ్ వస్తుంది. దానితోపాటు గ్లిపికాన్-3, ఏఎఫ్‌పీ పాజిటివ్ వచ్చి, ఆక్ట్-4 నెగటివ్ అయితే యోక్ శాక్. ఆక్ట్-4, సీడీ-117 రెండూ పాజిటివ్ అయితే డిస్‌జెర్మినోమా. ఆక్ట్-4, సీడీ-30 పాజిటివ్ అయితే ఎంబ్రియోనల్ కార్సినోమా. ఈ స్టెయిన్లు చేయలేదంటే బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకుని పెద్ద సెంటర్‌లో చూపించండి. స్లైడులు మాత్రమే తీసుకెళ్తే అక్కడ కొత్త స్టెయిన్ చేయడానికి వీలుండదు, మళ్లీ శ్రీకాకుళం తిరగాలి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది. అయితే ఈ రెండో అభిప్రాయం కోసం కీమో ఆపి కూర్చోవద్దు. ఏఎఫ్‌పీ వేలల్లో ఉంది, వయసు 17, గడ్డ అండాశయంలో: యోక్ శాక్ భాగం ఉందనడానికి ఆ మూడూ గట్టి సాక్ష్యం. రెండు పనులూ పక్కపక్కన నడవాలి.

ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలా రిపోర్టుల్లో తేడా పట్టుకోవచ్చు. డిస్‌జెర్మినోమా ఏఎఫ్‌పీని తయారు చేయదు. ఎవరికైనా ‘ప్యూర్ డిస్‌జెర్మినోమా’ అని రాసి ఏఎఫ్‌పీ వందల్లో ఉంటే, ఎక్కడో యోక్ శాక్ ముక్క తప్పిపోయిందనే అనుకోవాలి. డిస్‌జెర్మినోమాలో పెరిగే మార్కరు ఎల్‌డీహెచ్, కొందరిలో కాస్త బీటా హెచ్‌సీజీ.

ఇప్పుడు ఆ 4,200 సంగతి. ఆపరేషన్‌కు ముందు చేయకపోవడం లోటే, కానీ పోయిందేమీ లేదు. ఏఎఫ్‌పీ రక్తంలో 5 నుంచి 7 రోజులకు సగమవుతుంది. జబ్బు మొత్తం బయటికి వచ్చేసి ఉంటే 4,200 నుంచి 10 లోపుకు దిగడానికి దాదాపు తొమ్మిది సార్లు సగం కావాలి, అంటే ఆరున్నర నుంచి తొమ్మిది వారాలు. కాబట్టి ఇవాళ్టి అంకె పెద్దదని హడలిపోవక్కర్లేదు, వచ్చే వారం అంకెతో కలిపి చూడాలి. వారానికొకసారి, ఒకే ల్యాబులో చేయించి కాగితం మీద తేదీతో రాసుకోండి. వారానికి సగం చొప్పున దిగుతుంటే సరే. ఆగిపోయినా, పెరిగినా లోపల జబ్బు మిగిలి ఉందని అర్థం. మొదటి కీమో అయిన వారంలో కణాలు ఒక్కసారిగా చచ్చి ఏఎఫ్‌పీ కొంచెం ఎగబాకడం ఉంటుంది, అది చూసి మందు పనిచేయలేదనుకోవద్దు. కామెర్లు, హెపటైటిస్ ఉన్నా ఏఎఫ్‌పీ పెరుగుతుంది, అందుకే లివర్ పరీక్షలు పక్కన ఉండాలి. బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ కూడా ఇప్పుడే చేయించండి.

స్టేజి తేల్చడానికి మీకు కావలసింది ఆపరేషన్ నోట్. డిశ్చార్జి సమ్మరీ కాదు, థియేటర్‌లో రాసిన నోట్. గడ్డ పగలకుండా వచ్చిందా, లోపలే చిట్లిందా? పొట్టలో నీరు ఉంటే పరీక్షకు పంపారా? ఒమెంటం (పేగుల మీది కొవ్వు పొర), రెండో అండాశయం, పేగుల పైపొర, నడుము దగ్గర లింఫ్ గ్రంథులు చూశారా, ఏమని రాశారు? గడ్డ ఒక అండాశయానికే పరిమితమై, పొర చెక్కుచెదరకుండా, నీటిలో కణాలు లేకుండా ఉంటే 1ఎ. ఆపరేషన్ చేస్తుండగా చిట్లితే 1సీ1, ముందే పగిలి ఉంటే 1సీ2, నీటిలో కణాలు దొరికితే 1సీ3. కటి భాగానికి పాకితే 2, పొట్ట పొరకో లింఫ్ గ్రంథులకో పాకితే 3, ఊపిరితిత్తులు, లివర్ లోపలికి వెళ్తే 4. నోట్‌లో ఇవేవీ లేకపోతే ఛాతీ, పొట్ట, కటి సీటీ స్కాన్ చేయించండి. సీటీ శుభ్రంగా ఉండి ఎలాగూ కీమో ఇవ్వబోతున్నప్పుడు, కేవలం స్టేజి కోసం మళ్లీ పొట్ట కోయడం సాధారణంగా అనవసరం. ఆ గాయం మానేదాకా కీమో ఆగిపోతుంది.

గర్భసంచి తీయమన్న సలహాను పక్కన పెట్టేయండి. ఈ జబ్బులో ఒకవైపు అండాశయం తీసి గర్భసంచి, రెండో అండాశయం ఉంచడమే ప్రామాణిక వైద్యం, చాలామందిలో మూడో స్టేజిలోనూ అంతే. యోక్ శాక్, టెరటోమా దాదాపు ఎప్పుడూ ఒకవైపే వస్తాయి. డిస్‌జెర్మినోమా ఒక్కటే 10–15 శాతం మందిలో రెండువైపులా ఉంటుంది. బాగున్న రెండో అండాశయం నుంచి అనుమానంతో ముక్క తీయడం కూడా వద్దు, అతుకులు పడి తర్వాత పిల్లలు పుట్టడానికి అడ్డమవుతాయి. ఒక ప్రశ్న మాత్రం మీ చెల్లెలిని అడగండి: పిల్లకు నెలసరి మామూలుగా వస్తోందా? 16 ఏళ్లు దాటినా అసలు మొదలుకాని పిల్లలో, ముఖ్యంగా గడ్డ డిస్‌జెర్మినోమా అయితే, క్రోమోజోముల పరీక్ష చేయాలి. వై క్రోమోజోము ఉన్న అపరిపక్వ గ్రంథిలోంచి ఈ గడ్డలు పుడతాయి. అప్పుడు మాత్రం రెండో వైపు గ్రంథి తీయాల్సి వస్తుంది.

మందు పేరు బీఈపీ: బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్. సిస్‌ప్లాటిన్ రాకముందు యోక్ శాక్ ట్యూమర్ మొదటి స్టేజిలో దొరికినా చాలామంది రెండేళ్ల లోపే పోయేవారు. ఇవాళ్టి ఫలితాలన్నీ ఆ మందు చలవే. ఎటోపోసైడ్ చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, సిస్‌ప్లాటిన్ 20 మిల్లీగ్రాములు, రెండూ వరుసగా 5 రోజులు. బ్లియోమైసిన్ వారానికొకసారి 30 యూనిట్లు. 21 రోజులకొక సైకిల్. పిల్ల 150 సెంటీమీటర్లు, 42 కిలోలు ఉందనుకుంటే శరీర వైశాల్యం 1.32 చదరపు మీటర్లు. అంటే రోజుకు ఎటోపోసైడ్ సుమారు 130, సిస్‌ప్లాటిన్ 26 మిల్లీగ్రాములు. కీమో చార్టు ఫొటో తీసుకుని ఈ లెక్కతో పోల్చుకోండి. బాగా తక్కువ రాసి ఉంటే ఎందుకని మర్యాదగా అడగండి. సన్నగా ఉందని జాలిపడి డోసు తగ్గించడం ఈ జబ్బులో మేలు కాదు. జబ్బంతా తీసేసి ఉంటే 3 సైకిళ్లు, ఏమైనా మిగిలి ఉంటే 4.

కార్బోప్లాటిన్ గురించి. మగవాళ్ల వృషణాల్లో వచ్చే ఇదే జాతి గడ్డల్లో సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ ఇచ్చి చూసిన ట్రయల్స్‌లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. బ్రిటన్‌లో చిన్నపిల్లలకు పెద్ద డోసు కార్బోప్లాటిన్‌తో ఇచ్చి మంచి ఫలితాలు చూపిన మాట నిజమే, కానీ 17 ఏళ్ల పిల్లకు, కిడ్నీలు బాగుంటే, సిస్‌ప్లాటిన్ వదలడానికి కారణం లేదు.

ఆ కిడ్నీల దగ్గరే మన జిల్లాలో ఆగి ఆలోచించాలి. సిస్‌ప్లాటిన్ దెబ్బకొట్టేది కిడ్నీనీ, చెవినీ. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి దగ్గర. ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ ఉందా, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు చుట్టరికాలున్నాయా అన్నది డాక్టరుకు ముందే చెప్పండి. క్రియాటినిన్ 0.9 అని ఊరుకోవద్దు. 42 కిలోల పిల్లలో కండ తక్కువ కాబట్టి అంకె మామూలుగా ఉన్నా కిడ్నీ పని తగ్గి ఉండొచ్చు. క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్కకట్టమనండి. మెగ్నీషియం, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. మందు ఎక్కించే ప్రతిరోజూ ముందూ వెనకా సెలైన్, మెగ్నీషియం వెళ్లాలి. ఇంటికొచ్చాక వాంతులయ్యి నీళ్లు తాగలేకపోతే మర్నాటి దాకా చూడకుండా సెలైన్ పెట్టించాలి. ఒళ్లు నొప్పులకు ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజెక్షను, జ్వరానికి జెంటామైసిన్, అమికాసిన్ ఇచ్చేస్తారు. సిస్‌ప్లాటిన్ మీదున్న పిల్లకు అవి కిడ్నీ మీద రెండో దెబ్బ. సైకిల్ మొదలవకముందే వినికిడి పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష కూడా కావాలి.

జ్వరం విషయంలో ఒక మెలిక ఉంది. బ్లియోమైసిన్ ఎక్కించిన సాయంత్రమే చలి జ్వరం రావడం మామూలు. కానీ సైకిల్ 7వ రోజు నుంచి 14వ రోజు దాకా తెల్లకణాలు అడుగంటుతాయి, ఆ రోజుల్లోనూ బ్లియోమైసిన్ ఉంటుంది. ఇది మందు జ్వరమేలే అని ఇంట్లో తేల్చేయకండి. 100.4 డిగ్రీలు దాటితే డోలో వేసి పడుకోబెట్టకూడదు. గంటలోపు రక్తపరీక్ష, నరానికి యాంటీబయాటిక్ పడాలి. టెక్కలి నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాట, కాబట్టి అర్ధరాత్రి అంత దూరం పరుగెత్తే ఆలోచన పెట్టుకోవద్దు. మొదటి సైకిల్‌కు ముందే టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ఒక ఆసుపత్రి మాట్లాడి పెట్టుకుని, ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో క్యాన్సర్ డాక్టరు చేత కాగితం రాయించుకోండి.

బ్లియోమైసిన్ వల్ల వీపు మీద, చేతుల మీద కొరడాతో కొట్టినట్టు నల్లటి చారలు రావచ్చు. చూడటానికి భయంగా ఉంటుంది గానీ ప్రమాదం కాదు. ప్రమాదం పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. అవి కనబడితే తరువాతి బ్లియోమైసిన్‌కు ముందే చెప్పాలి. మందు మొత్తం 270 యూనిట్లు దాటుతున్నకొద్దీ ఊపిరితిత్తులకు ముప్పు పెరుగుతుంది. ముందు ముందు ఏ ఆపరేషన్ జరిగినా, సిజేరియన్ అయినా సరే, మత్తు డాక్టరుకు ఈ మందు తీసుకున్న సంగతి చెప్పాలి. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు.

ఖర్చు సంగతి: డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. బ్లాకులు, స్లైడులు, ఆపరేషన్ నోట్, సీటీ, మార్కర్ల కాగితం, రేషన్ కార్డు, ఆధార్ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి.

బతుకు లెక్క. మొదటి స్టేజిలో, పూర్తి బీఈపీ టైముకు అందితే, నూటికి తొంభై మందికి పైగా నయమవుతారు. మూడు, నాలుగు స్టేజిల్లోనూ మూడొంతుల మంది దాకా నిలబడతారు, డిస్‌జెర్మినోమా అయితే ఇంకా ఎక్కువ. ఫలితాన్ని కిందికి లాగేవి తెలిసినవే: మొదటి ఆపరేషన్‌లో జబ్బు మిగిలిపోవడం, కీమో మొదలైనా ఏఎఫ్‌పీ వేగంగా దిగకపోవడం, వయసు 40 దాటడం, కోరియోకార్సినోమా లేదా ఎంబ్రియోనల్ భాగం ఉండటం, సైకిళ్ల మధ్య వారాలు వారాలు గ్యాప్ రావడం. వీటిలో చివరిది ఒక్కటే మీ చేతిలో ఉన్నది. పంటకోతలని, పండగని, పరీక్షలని 21 రోజుల గడువు జరపకండి. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అప్పుడు కూడా టిప్ (ప్యాక్లిటాక్సెల్, ఐఫోస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్) లాంటి రెండో వరస మందులున్నాయి, కానీ సిస్‌ప్లాటిన్ ఇస్తుండగానే జబ్బు పెరిగితే నయం చేయడం కష్టం.

ఈ పిల్ల రిపోర్టులో టెరటోమా ఉంది కాబట్టి ఇంకొకటి ముందే తెలిసి ఉండాలి. కీమో తర్వాత ఏఎఫ్‌పీ మామూలుకొచ్చేసినా స్కాన్‌లో గడ్డలు కనిపించవచ్చు, పెరగనూవచ్చు. దీన్ని గ్రోయింగ్ టెరటోమా సిండ్రోమ్ అంటారు. క్యాన్సర్ కణాలు చచ్చి, ఎదిగిన టెరటోమా మాత్రం మిగిలి పెరుగుతుంది. దానికి కీమో పనిచేయదు, ఆపరేషన్‌తో తీయాలి. ఇది తెలియక జబ్బు తిరగబెట్టిందని రెండో వరస కీమో ఎక్కించేస్తే పిల్ల ఊరికే నలిగిపోతుంది. అలాగే పొట్ట పొర మీద బియ్యపు గింజల్లా తెల్లటి చుక్కలు కనిపించి, బయాప్సీలో పూర్తిగా ఎదిగిన గ్లియా (నాడీ కణాలకు ఆసరాగా ఉండే కణజాలం) అని వస్తే అది గ్లియోమటోసిస్. దానివల్ల భవిష్యత్తు చెడదు. అయితే ఒక్క చుక్క చూసి తేల్చకుండా పలుచోట్ల నుంచి తీసి చూడాలి.

పెళ్లి చేయొచ్చు. కీమోలో నెలసరి ఆగినా, ఎక్కువమందిలో కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ఒక అండాశయంతో గర్భం నిలుస్తుంది, ఈ మందుల వల్ల తర్వాత పుట్టే పిల్లల్లో అవకరాలు పెరుగుతాయనడానికి ఆధారం లేదు. మొదటి ఏడాది నెలకో రెండు నెలలకో, రెండో ఏడాది రెండు మూడు నెలలకోసారి మార్కర్లు, పరీక్ష, డాక్టరు చెప్పినప్పుడు స్కాన్ ఉంటాయి. ఆ తర్వాత ఎడం పెరుగుతుంది. గర్భం మాత్రం కీమో ముగిసిన రెండేళ్ల దాకా ఆగడం మంచిది. గర్భంలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ వాటంతటవే పెరుగుతాయి. జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో అంకె పెరిగితే అది బిడ్డ వల్లో గడ్డ వల్లో తేల్చుకోవడం కష్టమవుతుంది.